మూడో అంతస్తులో స్పృహ లేని పేషెంటు

రబ్బరు బొమ్మ చెయ్యి ఊడకపోయి ఉంటే అత్తగారు ఆసుపత్రి మంచం ఎక్కేవారే కాదు.

ఆ బొమ్మ మనిషంత ఉంటుంది. ఏడాదికోసారి సిబ్బందికి ప్రమాద శిక్షణ పెట్టినప్పుడు దాన్ని స్టోర్ రూములోంచి బయటికి తీస్తారు. ఆగిన గుండెను ఎలా నొక్కాలో, మంటలు వచ్చినప్పుడు నడవలేని పేషెంటును దుప్పట్లో చుట్టి మెట్ల మీంచి ఎలా దించాలో అన్నీ దానిమీదే నేర్చుకుంటారు. ఎంతమంది నొక్కారో, ఎంతమంది ఈడ్చారో, పాపం అది మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? శిక్షణకి ముందురోజు స్టోర్ కీపరు భుజం పట్టుకుని లాగేసరికి కుడిచెయ్యి మొదలంటా ఊడి అతని చేతికొచ్చింది. నడుం దగ్గర కూడా చీలి లోపలి దూది బయటపడింది.

"ఏం పర్లేదు సిస్టర్, యాక్సిడెంటు కేసనుకుందాం" అన్నాడతను, ఊడిన చేత్తోనే టాటా చెబుతూ.

హెడ్ నర్సుకి నవ్వు రాలేదు. ఆసుపత్రిలో అందరికీ ఆమె సిస్టరే అయినా ఈ కథలో కోడలనే అనుకుందాం. ఆ రోజు ఆమె ప్రాణం ఇరుక్కుపోయింది ఆ చుట్టరికంలోనే. శిక్షణ బాధ్యత ఆమెకి ఇవ్వడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు గబగబా నాలుగు మాటలు చెప్పి, అందరిచేతా సంతకాలు పెట్టించుకుని పంపేసేవాళ్లు. ఆమె అలా కాదు. దుప్పటి మడత ఒక వేలు పక్కకి జరిగినా మళ్లీ విప్పి వేయించే మనిషి. చేతులు గుండెల మీద కట్టి, పక్కలు బిగించి, తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకోవడం నేర్పాలంటే రెండు చేతులూ, సరైన నడుమూ ఉన్న పేషెంటు కావాలి మరి.

మందుల షాపు అబ్బాయిని అడుగుదామంటే అతనికి చక్కిలిగింతలు. ఒకసారి అతన్ని దుప్పట్లో చుడితే స్పృహ లేని పేషెంటు కిలకిలా నవ్వి, మోసేవాళ్ల చేత కూడా నవ్వించి, నలుగురూ మెట్ల మీద కూలబడ్డారట. మిగతావాళ్లంతా ఏదో ఒక జట్టులో ఉన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ ఈ గోడంతా వెళ్లబోసుకుంది.

"నేనొస్తాను" అన్నారు అత్తగారు.

కోడలు కత్తి ఆపింది. "ఎక్కడికత్తయ్యా?"

"నీ ఆసుపత్రికి. పడుకోవడమే కదా? ఆ మాత్రం నాకూ చేతనవును."

అత్తగారు బళ్లో కుట్టుపని టీచరుగా చేసి రిటైరయ్యారు. మాట కొంచెం కటువు, కుట్టు మాత్రం మెత్తన. కొడుకు పనిమీద ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో ఎక్కువ రోజులు ఈ ఇద్దరే. ఆవిడతో కోడలికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. మంచిదేగా అంటారేమో, వినండి. ఒకరోజు కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, "నేను వచ్చేదాకా కలుపుతూ ఉండండి అత్తయ్యా" అని ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. అవతల ఉన్నది ఆమె చిన్నప్పటి స్నేహితురాలు. మాటల్లో పాలు మరిచిపోయింది. తిరిగొచ్చేసరికి పాలు లేవు. గిన్నె అడుగున గోధుమరంగు ముద్ద ఒకటి, దాన్ని గరిటెతో పొడుస్తూ అత్తగారు.

"పొయ్యి ఆపొచ్చు కదా అత్తయ్యా!"

"ఆపమని నువ్వు చెప్పలేదే!"

కంటి ఆపరేషన్ అయినప్పుడు కదలకుండా పడుకోమని డాక్టరు చెబితే, తుమ్మొచ్చినా నర్సుని పిలిచి అడిగారట, తుమ్మొచ్చా అని. ఆ కథ ఆసుపత్రి అంతటికీ తెలుసు.

కాబట్టి స్పృహ లేని పేషెంటుగా ఇంతకంటే మంచి మనిషి దొరకదని కోడలికీ తోచింది. పైగా వారం రోజులుగా ఆమె ఉపన్యాసం అభ్యాసం చేసింది ఈ వంటింట్లోనే. పొగ కనబడగానే తలుపు మూయాలి, తలుపు కింద సందులో తడిబట్ట కుక్కాలి, కిందికి వంగి ఉండాలి, కిటికీలోంచి బయటివాళ్లకి కనబడాలి, బయటికి వచ్చినవాళ్లు ఏ కారణం చేతనైనా మళ్లీ లోపలికి పోకూడదు. చిక్కుళ్లు ఒలుస్తూ వింటున్న అత్తగారు మధ్యలో టీచరైపోయేవారు.

"‘మూయవలెను’ అనకు అమ్మాయ్. ‘మూయండి’ అను. లేకపోతే రెండో మాటకే నిద్రపోతారు. పిల్లలైనా పెద్దలైనా ఒకటే."

మర్నాడు వారపు సెలవు. ఆసుపత్రి ఆవరణలో వెనకవైపున్న డే కేర్ భవనంలో ఆ రోజు పేషెంట్లు ఉండరు. పొద్దున వచ్చి చిన్న చిన్న ఆపరేషన్లు చేయించుకుని సాయంత్రానికి ఇళ్లకి పోయేవాళ్ల కోసం కట్టిన మూడంతస్తుల భవనం అది. అందుకే శిక్షణ అక్కడ పెట్టుకున్నారు. మూడో అంతస్తులో చివరి గది. కిటికీ వెనక సందులోకి. బాత్రూము పక్కనే.

అత్తగారు చెప్పులు విప్పి, మంచం కింద జంటగా సర్ది, పక్క మీద పడుకుని దిండు సవరించుకున్నారు.

"దిండు కొంచెం ఎత్తుగా ఉంది."

"స్పృహ లేనివాళ్లకి తెలీదులెండి."

"స్పృహ లేకపోయినా మెడ ఉంటుంది కదా!"

కోడలు దిండు మార్చింది. మెడలో అట్టముక్క వేలాడదీసింది. దాని మీద ఆమె చేత్తోనే ఎర్రటి అక్షరాల్లో ‘స్పృహ లేదు’ అని రాసి ఉంది. తర్వాత చెయ్యి చాచింది. "ఫోనిలా ఇవ్వండి. మధ్యలో మోగితే నవ్వులపాలవుతాం." అత్తగారి ఫోను ఆమె కోటు జేబులోకి పోయింది.

"ఇప్పుడు వినండత్తయ్యా. గంట మోగుతుంది. పొగ కూడా వస్తుంది, ఈల మాస్టారు నాటకాల వాళ్ల దగ్గర్నించి పొగ మిషను తెచ్చారు. అరుపులు వినిపిస్తాయి. ఏం జరిగినా మీరు కదలకండి, కళ్లు తెరవకండి. మావాళ్లొచ్చి మిమ్మల్ని దుప్పట్లో చుట్టి కిందికి దించుతారు. అంతా నాటకమే, భయపడొద్దు."

"ఎవరైనా నా పేరు అడిగితే?"

"స్పృహ లేదు కదా."

"సరే. లేదు." అని అత్తగారు కళ్లు మూసుకున్నారు.

పేషెంటు వేషం వేసేవాళ్లకి చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. శిక్షణ మధ్యలో నిజంగానే ఎవరికైనా దెబ్బ తగిలినా, ఏదైనా తేడా వచ్చినా "ఇది నిజం" అని గట్టిగా అరుస్తారు. ఆ రెండు మాటలు చెవిన పడ్డాయంటే అక్కడితో వేషం ఆఖరు. చచ్చిపడి ఉన్నవాడైనా లేచి నిలబడాలి. అన్ని జట్లకీ ఆ మాట నూరిపోసింది కోడలే. కానీ ఆ సమయానికి కింద నుంచి ఈల వినబడింది. అందరూ వచ్చేశారు, ఉపన్యాసానికి రమ్మని పిలుపు. దిండు గొడవలో ఆలస్యమైపోయిందని గబగబా మెట్లు దిగింది. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

ఈల ఊదింది ఈల మాస్టారు. అగ్నిమాపక శాఖలో చేసి వచ్చి, ఇప్పుడు ఆసుపత్రి భద్రత చూసుకుంటున్నారు. మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లిలో కూడా ఊది ఉంటారని నర్సులు ఏడిపిస్తుంటారు.

భవనం ముందు ఖాళీ స్థలంలో నర్సులు, ఆయాలు, ల్యాబ్ వాళ్లు, బట్టలుతికే గదిలో పనిచేసే ఆవిడ, అందరూ నీడ చూసుకుని నిలబడ్డారు. కోడలు ఒకసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ‘మూయవలెను’ అనలేదు, ‘మూయండి’ అంది. జనం వింటున్నారు కూడా. బయటికి వచ్చినవాళ్లు మళ్లీ లోపలికి పోకూడదనీ, ఎందుకు పోకూడదో కూడా చెప్పి, తర్వాతి మాట ఎత్తుకోబోతుండగా భవనం లోపల గంట గణగణమని మోగింది.

అందరూ చప్పట్లు కొట్టారు.

"అదేంటి మాస్టారూ, ఉపన్యాసం అవ్వనివ్వకుండానే!" అంది చిన్న సిస్టరు. కొత్తగా చేరిన పిల్ల, నోరు ఊరుకోదు.

ఈల మాస్టారు తన చేతుల వైపు చూసుకున్నారు. "నేనింకా నొక్కలేదు."

"భలేవారే. అదిగో, రెండో అంతస్తు కిటికీలోంచి పొగ కూడా వస్తోంది. మీ మిషను బాగానే పనిచేస్తోందే!"

"మిషను వ్యానులోనే ఉందమ్మా" అన్నారాయన నెమ్మదిగా.

చప్పట్లు ఆగిపోయాయి. అప్పటికే బట్టలుతికే గది ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ గది రెండో అంతస్తులో మెట్ల పక్కనే. ఫిజియోథెరపీలో ఒళ్లు మర్దన చేసిన తువ్వాళ్లకి నూనె ఎంతుతికినా పూర్తిగా వదలదు. వాటిని డ్రయర్లోంచి తీసి, వేడివేడిగానే బండిలో కుప్పపోసి, ఉపన్యాసానికి టైమయిందని కిందికి వచ్చేసింది. ఆ కుప్ప లోపల వేడి ఎటూ పోలేక లోలోపల కమిలి రాజుకుంది.

"నేనే... పరుచుదామనుకున్నానండీ, వచ్చాక పరుచుదామని..."

"అది తర్వాత" అని మాస్టారు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. "లోపల ఎవరూ లేరు కదా? అందరూ ఇక్కడే ఉన్నారు కదా?"

ఉన్నారు. జట్లన్నీ ఉన్నాయి. చిన్న సిస్టరు అందరినీ చూసి, "ఉన్నారు మాస్టారూ, మనవాళ్లంతా..." అని కోడలి మొహం చూసి ఆగిపోయింది.

కోడలు మూడో అంతస్తు వైపు తల ఎత్తింది. ఏం జరిగినా కదలకండి. గంట మోగుతుంది, పొగ వస్తుంది, అంతా నాటకమే. ఒక్కొక్క మాటా తన గొంతుతోనే వినబడుతోంది. గిన్నె అడుగున గోధుమరంగు ముద్ద కళ్ల ముందు ఆడింది. పాలు మాడిపోతున్నా గరిటె వదలని మనిషి. తుమ్ముకి అనుమతి అడిగిన మనిషి. ఆవిడ ఇప్పుడు కళ్లు మూసుకుని, చేతులు పక్కన పెట్టుకుని, పొగ వాసన పీలుస్తూ ‘మాస్టారి మిషను బాగుందే’ అనుకుంటూ ఉంటారు.

ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలీదు. మెట్ల గుమ్మం దగ్గర ఎవరో వెనక నుంచి కోటు గట్టిగా లాగారు. చిన్న సిస్టరు.

"వదులు! పైన మా అత్తయ్య ఉన్నారు!"

"తెలుసు సిస్టర్. మీరే కదా చెప్పారు, బయటికొచ్చినవాళ్లు లోపలికి పోకూడదని."

"అది మీకు!"

"మాకు చెప్పింది మీరే కదా" అని ఆ పిల్ల ఏడుస్తూనే కోటు వదల్లేదు. "రెండో అంతస్తు దాటి ఎలా పోతారు? మెట్లంతా పొగే. మీరు మధ్యలో పడిపోతే ఫైరు వాళ్లు ఇద్దర్ని దింపాలి."

అది కూడా ఆమె ఉపన్యాసంలోదే. అక్షరం పొల్లుపోలేదు. గుమ్మంలోంచి నల్లటి పొగ పాయ మెట్ల మీంచి వంగి బయటికి వచ్చింది. కోడలు అక్కడే, గుమ్మానికి ఇవతలే ఆగింది. తన జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

అంతలో జేబులో ఫోను మోగింది. తనది కాదు. అత్తగారిది. తెర మీద ‘అబ్బాయి’ అని ఉంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, పడుకున్నావా లేచావా? స్పృహ వచ్చిందా లేదా?" అని అవతల ఆమె భర్త నవ్వుతున్నాడు. పొద్దున తల్లి గొప్పగా చెప్పి ఉంటారు.

"నేనండీ."

"నువ్వా? అమ్మ ఫోను నీ దగ్గరుందేంటి? అమ్మేది?"

"పైనున్నారు. నేను... మళ్లీ చేస్తాను." ఇంకొక్క మాట మాట్లాడితే ఏడుపు వచ్చేస్తుందని పెట్టేసింది.

పెట్టేశాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. లోపలికి పోకూడదు. కానీ బయట ఎక్కడైనా నిలబడొచ్చు. చివరి గది కిటికీ వెనక సందులోకి. ఈల మాస్టారి దగ్గర మైకు ఉంది, చేత్తో పట్టుకుని అరిచేది.

"మాస్టారూ, మైకివ్వండి. మూడో అంతస్తు, వెనకవైపు చివరి గది. ఒక్కరే ఉన్నారు. పెద్దావిడ, నడవగలరు. తలుపు తెరిచే ఉంచి వచ్చాను. ఇదంతా శిక్షణేనని అనుకుంటున్నారు, అందుకని పిలిస్తే పలకకపోవచ్చు. ఫైరు వాళ్లకి ఇదే చెప్పండి." ఇంత స్పష్టంగా ఎలా చెప్పగలిగిందో ఆమెకే ఆశ్చర్యం. గొంతు మాత్రం వేరే ఎవరిదోలా ఉంది.

"చెప్తాను. నువ్వు వెనక్కి పో. గోడకి దూరంగా నిలబడు" అన్నారాయన మైకు అందిస్తూ.

సందులో పాత మంచాలు, విరిగిన వీల్ ఛైర్లు. వాటి మధ్యలోంచి తోవ చేసుకుని తల పైకెత్తి చూసింది. కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. లోపల చీకటిగా ఉందో, పొగగా ఉందో తెలీదు. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అత్తయ్యా! ఇది నిజం! అత్తయ్యా, ఇది నిజం!"

అరిచాక గానీ గుర్తు రాలేదు. ఆ మాట అర్థం ఆవిడకి చెప్పనే లేదు. ‘ఇది నిజం’ అని అరవడం కూడా నాటకంలో భాగమేనని అనుకుంటారు కదా!

"అత్తయ్యా, నాటకం లేదు, ఏం లేదు! నిజంగా మంటలొచ్చాయి! లేవండి! తలుపు మూయండి! నేను చెప్పిందంతా మర్చిపోండి, లేవండి!"

కిటికీ కదల్లేదు.

"మీ కాళ్లకి దండం పెడతాను, లేవండి!"

పైన గడియ చప్పుడైంది. కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. ముందు తెల్లటి దిండు గలీబు ఒకటి బయటికొచ్చి రెపరెపలాడింది. దాని వెనకాల అత్తగారి తల. జుట్టు చెదిరి ఉంది గానీ మొహం మాత్రం మామూలుగానే, చాకలి లెక్క తప్పినప్పుడు ఉండేలా ఉంది.

"అంత అరవక్కర్లేదు అమ్మాయ్! నాకు చెవుడు లేదు. కిటికీ గడియ తుప్పు పట్టింది, అదీ ఆలస్యం!"

కోడలికి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చింది అనడం చిన్నమాట. పక్కనున్న విరిగిన వీల్ ఛైరులో కూలబడింది. దానికి ఒక చక్రం లేకపోవడంతో అది కూడా ఆమెతోపాటు పక్కకి ఒరిగింది.

"ఏంటా కూర్చోవడం? పడతావు!" అని పై నుంచి కేక.

"తలుపు మూశారా అత్తయ్యా?"

"మూశాను."

"కింద సందు?"

"దుప్పటి తడిపి కుక్కాను. నీ బాత్రూములో బకెట్టు లేదు, మగ్గు ఒక్కటే ఉంది. ఎంత నీళ్లు పట్టాలో తెలుసా? దుప్పటి పాడైందని నన్ను అనకు."

"కిందికి వంగి కూర్చోండి!"

"వంగితే నీకు కనబడనుగా. ‘కిటికీలోంచి కనబడాలి’ అంది నువ్వే. ఏదో ఒకటి చెప్పు."

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇదంతా భవనం ముందున్న వాళ్లందరికీ కూడా వినబడుతోంది. చిన్న సిస్టరు ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరే.

ఫైరు బండి వచ్చింది. వాళ్లు ముందు మెట్ల వైపు పోలేదు. మాస్టారు చెప్పినట్టు భవనం చివరి అత్యవసర మెట్ల మీంచి ఎక్కారు. రెండు మెట్లదారుల మధ్య తలుపులు మూసి ఉండడంతో అటు పొగ పలచగానే ఉంది. ఇంకొందరు రెండో అంతస్తులో తువ్వాళ్ల బండిని పట్టుకున్నారు. బండి, పక్కనున్న ఒక అలమారా, కొంత గోడ రంగు. అంతే పోయింది.

మూడో అంతస్తు చివరి గది తలుపు కొట్టగానే లోపలి నుంచి "ఎవరు?" అని వినబడిందట. తర్వాత తలుపు తెరిచి, తడి దుప్పటి కాలితో పక్కకి నెట్టి, మెడలో ‘స్పృహ లేదు’ అన్న అట్టతో నిలబడ్డ పెద్దావిడని చూసి ఆ కుర్రాడు ఒక క్షణం ఆగిపోయాడట.

"ఇప్పుడు నేను స్పృహలో ఉండాలా, లేకుండా ఉండాలా?" అని అడిగారట అత్తగారు.

"నడవగలరా అమ్మా?"

"నడవగలను. కానీ చెప్పులు వేసుకోనివ్వు, మంచం కింద ఉన్నాయి."

అలా ఒక చేత్తో అతని భుజం, ఇంకో చేత్తో మెట్ల కమ్మీ పట్టుకుని దిగొచ్చారు. కింద అడుగు పెట్టగానే కోడలు పట్టేసుకుంది. అత్తగారు కొంచెం బిగుసుకున్నారు. ఇన్నేళ్లలో ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకోవడం అదే మొదలేమో. తర్వాత నెమ్మదిగా ఆవిడ చెయ్యి లేచి, కోడలి వీపు మీద, కుట్టుపని నేర్చుకునే పిల్లని తట్టినట్టు, రెండు తట్లు తట్టింది.

"చాల్లే. నలుగురూ చూస్తున్నారు."

డాక్టరు వచ్చి ఛాతీ విన్నాడు, వేలికి క్లిప్పు పెట్టి చూశాడు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. "ఇంకాసేపు ఆక్సిజన్ పెడదామా?" అంటే, "వద్దు, టీ ఉంటే ఇప్పించండి" అన్నారు అత్తగారు. అందరికీ టీ వచ్చింది. బట్టలుతికే గది ఆవిడ టీ అందుకోలేదు. దూరంగా గోడకి ఆనుకుని ఏడుస్తోంది. అత్తగారు లేచి వెళ్లి తన గ్లాసే ఆమె చేతిలో పెట్టి, "నూనె బట్టలు ఆరాక విడివిడిగా పరచాలి, కుప్ప వేయకూడదు. ఇప్పుడు నీకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పు? రేపట్నుంచి ఆ పాఠం నువ్వే చెప్పు అందరికీ" అన్నారు. ఈల మాస్టారు తల ఊపారు. అన్నట్టుగానే తర్వాత ఆ పాఠం ఆమే చెబుతోంది.

ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు గానీ కోడలు అడగలేకపోయింది.

"అత్తయ్యా, కదలొద్దని చెప్పాను కదా. గంట మోగినా, పొగ వచ్చినా. మీకెలా తెలిసింది?"

"వాసన." అత్తగారు ముక్కు ఎగబీల్చి చూపించారు. "ఎన్నేళ్లు పిల్లల చేత ఇస్త్రీ చేయించాను! నూలు గుడ్డ మాడుతుంటే బడి గేటు దగ్గరే పట్టేసేదాన్ని. మొదట కాసేపు కళ్లు మూసుకునే ఉన్నాను, అబద్ధమెందుకు. ‘అబ్బ, మాస్టారు నిజం వాసన కూడా తెచ్చారే’ అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. నాటకాల మిషను కాలిన తువ్వాలు వాసనెందుకు కొడుతుంది? అంతే, లేచాను."

"నేను ‘కదలకండి’ అన్నా కూడా?"

"నువ్వు కదలొద్దన్నావు. వంటింట్లో వారం రోజులు ‘పొగ వస్తే తలుపు మూయండి’ అనీ నువ్వే అన్నావు. రెండూ నీ మాటలే. ఏది ముందో నేనే తేల్చుకున్నాను. ఆ మాత్రం బుర్ర లేదా నాకు?"

కోడలు ఇంకా ఊరుకోలేదు. "అలాంటప్పుడు ఆ రోజు పాలు..."

అత్తగారు పక్కకి తిరిగి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. ఆటో మూల మలుపు తిరిగింది. ఆవిడ పెదవి చివర కొంచెం వంగింది.

"పాలు మాడుతున్నాయని నాకు తెలీదనుకున్నావా? నువ్వు బాల్కనీలో పకపకా నవ్వుతున్నావు, నేను ఇక్కడ పొయ్యి దగ్గర ఉడుకుతున్నాను. ‘రానీ, వచ్చేదాకా కలుపుతాను’ అనుకున్నాను. గిన్నె పోతే పోయింది."

"అత్తయ్యా!"

"ఏం? టీచర్ని. నాకూ పాఠం చెప్పాలనిపిస్తుంది."

కోడలికి ఎక్కడినుంచి వచ్చిందో గానీ నవ్వు పొంగుకొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. ఇన్నాళ్లూ తాను మొండితనం అనుకున్నది ఒఠ్ఠి కోపం! తాను అమాయకత్వం అనుకున్నది సాంతం తెలివి! పొద్దున్నుంచి గుండె మీద కూర్చున్న బరువు ఆ నవ్వుతో పాటు ముక్కలుముక్కలుగా జారిపోయింది. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూసి, ఆసుపత్రి నుంచి ఎక్కినవాళ్లు ఇంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదనుకున్నాడో ఏమో, తనూ నవ్వాడు.

"నా ఫోనేది?" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి. "వాడు పొద్దున్నించి చేస్తూ ఉంటాడు."

జేబులోంచి తీసి ఇచ్చింది. తెర నిండా కొడుకు కాల్సే. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఆఁ, నేనేరా. స్పృహ వచ్చింది. నీ పెళ్లాం కాపాడింది. ఎలాగా? మైకులో అరిచి. ఊళ్లో సగం మంది విన్నారు... మంటలేంటా? అది నిదానంగా చెప్తాను, ముందు కూర్చో."

కాపాడింది తాను కాదని కోడలు చెప్పబోయింది. అత్తగారు చెయ్యి చూపించి ఆపారు. వాదించకు అన్నట్టు.

ఆగిపోయిన శిక్షణ కొన్నాళ్ల తర్వాత మళ్లీ పెట్టారు. ఈలోగా కొత్త రబ్బరు బొమ్మ కూడా వచ్చింది, నవనవలాడుతూ. అయినా ఈల మాస్టారు ఇంటికి ఫోను చేసి, "అమ్మగారు వస్తారా?" అని అడిగారు. సిబ్బంది అంతా ఆవిడే కావాలంటున్నారట.

అదే గది, అదే మంచం. కిటికీ గడియ మార్చారు, బాత్రూములో బకెట్టు పెట్టారు. అత్తగారు చెప్పులు మంచం కింద జంటగా సర్ది, దిండు తానే సరిచేసుకుని పడుకున్నారు. కోడలు ఈసారి తొందరపడలేదు. కింద ఈల ఊదినా కదల్లేదు. మంచం పక్కన కూర్చుంది.

"ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. శబ్దం మాత్రం ఆపేయండి. ఇప్పుడు ముఖ్యమైన మాట. ‘ఇది నిజం’ అని ఎవరైనా అరిచారంటే శిక్షణ అక్కడితో ఆగిపోయినట్టు. వెంటనే లేచిపోవాలి. అర్థమైందా అత్తయ్యా?"

"అర్థమైంది."

"ఒకసారి మీరు చెప్పండి."

"‘ఇది నిజం’ అంటే లేవాలి." అత్తగారు ఒక కన్ను తెరిచి కోడలి వైపు చూశారు. "అనకపోయినా లేస్తాననుకో."

కోడలు అట్టముక్క ఆవిడ మెడలో వేసి, దుప్పటి అంచు సమంగా ఉందో లేదో చూసి, ఒక వేలు పక్కకి జరిగి ఉంటే సరిచేసి, నిదానంగా మెట్లు దిగింది.